సముద్రంలో నత్రజని పట్టే బ్యాక్టీరియా: అందరూ అడిగే ప్రశ్నలు, తెలిసినంతలో జవాబులు

వేసవి మొదలై గాలి పడిపోయిన రోజుల్లో అరేబియా సముద్రంలోనూ బంగాళాఖాతంలోనూ నీటి మీద గోధుమరంగు తెట్టు పొడుగ్గా చారలు చారలుగా తేలుతుంటుంది. ఆ ఫోటో ఎవరైనా గ్రూపులో పెట్టగానే "ఫ్యాక్టరీ వాళ్లు వదిలారు", "షిప్పు నుంచి ఆయిల్ లీకైంది" అని మెసేజ్‌లు మొదలవుతాయి. ఒక్కోసారి అది ఆయిలే కావచ్చు, కాదనను. కానీ ఆ సీజన్‌లో, ఆ ఎండలో, అలల్లేని నీటి మీద కనబడితే అది ట్రైకోడెస్మియం అనే బ్యాక్టీరియా అయ్యే అవకాశం బాగా ఉంది. అది చెత్త కాదు, పోషకాలు లేని వెచ్చటి సముద్రానికి ఎరువు తయారుచేసే జీవి. దాని గురించి, దాని చుట్టాల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నా.

అసలు ఇవి చేసే పని ఏంటి?

గాలిలో 78 శాతం నత్రజనే, అదే గ్యాసు సముద్రపు నీళ్లలో కూడా కరిగి ఉంటుంది. కానీ దాన్ని నేరుగా వాడుకోవడం మొక్కకీ రాదు, చేపకీ రాదు, మనకీ రాదు. ఎందుకంటే రెండు నత్రజని పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు విడగొడితేగానీ ప్రోటీన్ తయారవదు, డీఎన్ఏ తయారవదు. ఆ పట్టు విడగొట్టి అమ్మోనియాగా మార్చే ఎంజైమ్ పేరు నైట్రోజినేజ్. అది కొన్ని బ్యాక్టీరియాల్లోనూ ఆర్కియా అనే ఇంకో రకం సూక్ష్మజీవుల్లోనూ మాత్రమే ఉంది, ఇంక ఏ జీవీ ఈ పని సొంతంగా చేసుకోలేదు (ఒక్క మినహాయింపు లాంటిది ఉంది, కింద చెప్తా).

యూరియా ఫ్యాక్టరీలో చేసేదీ ఇదే కదా?

మొదటి మెట్టు అదే, గాలిలో నత్రజనిని అమ్మోనియా చెయ్యడం. కాకపోతే ఫ్యాక్టరీకి 400 నుంచి 500 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి 150 రెట్లకు పైన ఒత్తిడి కావాలి. ఈ బ్యాక్టీరియా అదే పని మామూలు సముద్రపు నీళ్ల వేడిలో చేసేస్తుంది. ఊరికే మాత్రం కాదు, ఒక్క నత్రజని అణువు విడగొట్టడానికి 16 ఏటీపీలు ఖర్చవుతాయి. కణానికి ఏటీపీ అంటే చేతిలో డబ్బు కిందే లెక్క, కాబట్టి ఇది చాలా ఖరీదైన పని. అందుకే చుట్టూ రెడీమేడ్ నైట్రేటో అమ్మోనియానో దొరుకుతుంటే చాలా రకాలు ఈ పని తగ్గించేస్తాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందకి వెళ్లాక మురుగునీళ్ల ప్రశ్నలో పనికొస్తుంది.

వేరుశనగ, కంది వేళ్ల బుడిపెల్లో ఉండేవి ఇవేనా?

కాదు. అది రైజోబియం అనే బ్యాక్టీరియా, వేరే కుటుంబం, ఎంజైమ్ మాత్రం ఒకటే. వరి చేలో వేసే అజొల్లా ఆకుల్లో ఉండే నీలి ఆకుపచ్చ నాచు ఉంది చూడండి, ట్రైకోడెస్మియం దానికి దగ్గర చుట్టం, రెండూ సయనోబ్యాక్టీరియాలే, అంటే పేరుకి నాచు అన్నా నిజానికి మొక్కల్లా ఎండతో బతికే బ్యాక్టీరియాలు.

ట్రైకోడెస్మియం గురించి కాస్త వివరంగా చెప్తారా?

తప్పకుండా. పదుల నుంచి వందల కణాలు వరసగా అతుక్కుని ఒక దారం అవుతాయి, అలాంటి దారాలు చాలా కలిసి ఒక చిన్న కట్టగానో గుండ్రటి బంతిగానో ఒక గుంపు కడతాయి. గుంపు ఒక మిల్లీమీటరు పైనే ఉంటుంది కాబట్టి గాజు గ్లాసులో నీళ్లు పట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే మామూలు కంటికే కనబడుతుంది, బ్యాక్టీరియాల్లో ఇలాంటివి చాలా తక్కువ. కణాల్లోపల గ్యాస్ నిండిన సన్నటి తిత్తులుంటాయి, వాటితో తేలుతుంది, ఆ తిత్తులు ఎంత గట్టివంటే 100 మీటర్ల లోతు ఒత్తిడికి కూడా చితికిపోవు. గాలి ఆగి నీళ్లు కదలకపోతే లోపలున్నవన్నీ పైకి తేలి ఒకచోట చేరతాయి, మనం చూసే తెట్టు అదే. అంటే తెట్టు కనబడిన రోజునే అది పుట్టిందని కాదు, అప్పటికే నీళ్లలో ఉన్నది ఆ రోజు పైకొచ్చింది.

నావికులకి ఇది ఎప్పట్నుంచో తెలుసు. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఆస్ట్రేలియా తీరం వెంట వెళ్తున్నప్పుడు చూశారు. 1832లో బ్రెజిల్ దగ్గర అబ్రోలోస్ దీవుల పక్కన డార్విన్ చూశాడు. నావికులు దీన్ని సముద్రపు రంపపు పొట్టు అనేవాళ్లు. జర్మనీకి చెందిన ఎరెన్‌బర్గ్ 1823లో ఎర్ర సముద్రం ఒడ్డున టోర్ దగ్గర నీళ్లు ఎర్రబారడం చూసి, 1830లో దీనికి ట్రైకోడెస్మియం ఎరిత్రేయం అని పేరు పెట్టాడు. ఎర్ర సముద్రానికి ఆ పేరు దీనివల్లే వచ్చిందని చాలామంది అంటారు, నాకది ఊహగానే అనిపిస్తుంది, రుజువు ఉన్నట్టు చెప్పకూడదు.

ఇది నత్రజని పడుతుందని సముద్రంలో కొలిచి చూపించింది మాత్రం 1961లో, అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో, డగ్‌డేల్, మెంజెల్, రైథర్ అనే ముగ్గురు. మన దగ్గర లక్షదీవుల్లో కనబడిన తెట్టు గురించి సముద్ర శాస్త్రవేత్త ఖాసిం గారు 1970లో రాశారు, తర్వాత గోవాలోని జాతీయ సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐఓకి డైరెక్టరై, మన మొదటి అంటార్కిటికా యాత్రకి నాయకత్వం వహించింది కూడా ఆయనే. 1978లో గోవా తీరంలో దీని రాకపోకల గురించి దేవసీ, భట్టాత్రిలతో కలిసి ఇంకో పేపర్ కూడా రాశారు. మన పడమటి తీరంలో ఇది ఎప్పుడొస్తుంది, ఎలా పోతుంది అని తెలుసుకోవాలంటే ఇప్పటికీ అక్కడ మొదలుపెట్టడం మంచిది.

ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుందంటారు, మరి ఆక్సిజన్ వదిలే జీవి దాన్ని ఎలా కాపాడుకుంటుంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. సయనోబ్యాక్టీరియా ఎండలో మొక్కల్లాగే ఆక్సిజన్ వదులుతుంది, అదే కణంలో ఆక్సిజన్ అంటే పడని ఎంజైమ్ ఉంది, రెండూ ఎలా పొసుగుతాయి?

దీనికి ఒక్కోటి ఒక్కో దారి పట్టింది. క్రోకోస్ఫేరా అని ఒంటి కణం జీవి ఉంది, అది పగలు కిరణజన్య సంయోగక్రియ చేసి చక్కెర దాచుకుంటుంది, రాత్రి వెలుతురు పోయాక ఆ చక్కెర ఖర్చుపెట్టి నత్రజని పడుతుంది. ఇంకా గొప్ప సంగతి, సముద్రంలో ఇనుము చాలా తక్కువ, రెండు పనులకీ ఇనుము కావాలి, అందుకని ఇది రోజూ తెల్లారేసరికి నైట్రోజినేజ్‌ని విప్పేసి ఆ ఇనుముని పగటి ప్రోటీన్లలో పెడుతుంది, సాయంత్రం మళ్లీ అటు మారుస్తుంది. ఇంట్లో ఒకటే గిన్నె ఉంటే పొద్దున అన్నం వండి, తోమి, రాత్రి అందులోనే పప్పు వండుకున్నట్టు. ఈ సంగతి 2011లో బయటపెట్టారు.

రిచేలియా అనేది వేరే పద్ధతి పట్టింది. డయాటమ్ అనే గాజు పెంకు నాచు లోపల ఉంటూ, తన దారం చివర ఒక కణాన్ని మందపాటి గోడతో మూసేసి, ఆ కణంలో మాత్రమే నత్రజని పడుతుంది, ఆ కణం ఆక్సిజన్ వదలదు.

ట్రైకోడెస్మియం మాత్రం ఈ రెండూ చెయ్యదు, పట్టపగలే, మధ్యాహ్నం పూటే నత్రజని పడుతుంది, మూసేసిన కణాలూ లేవు. మధ్యాహ్నం కాసేపు ఆక్సిజన్ వదలడం తగ్గిస్తుందని, దారంలో కొన్ని కణాలు వంతులవారీగా ఆ పనికి దిగుతాయని, పుట్టిన ఆక్సిజన్‌ని లోపలే ఖర్చు చేసేస్తుందని 2001 నుంచి వచ్చిన పరిశోధనలు చెప్తున్నాయి, అన్నీ కలిపి పని జరుగుతోందన్నది నా అభిప్రాయం.

ఇవి వెచ్చటి సముద్రాల్లోనే ఎందుకు ఎక్కువ?

ఒకటి వేడి. ట్రైకోడెస్మియం 24 నుంచి 30 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, 20 కన్నా తగ్గితే పెద్దగా కనబడదు. రెండోది పేదరికం, నీళ్ల పేదరికం అంటున్నా. ఉష్ణమండలంలో పైనీళ్లు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి, కిందున్న చల్లటి నీళ్లలోని నైట్రేట్ పైకి రాదు. పైన ఎండ బోలెడు ఉంది, నైట్రేట్ దాదాపు సున్నా, మిగతా నాచులన్నీ ఆకలితో ఉంటాయి. అక్కడ సొంతంగా నత్రజని పట్టుకోగలిగినదానిదే పైచేయి.

బంగాళాఖాతంలో ఇది ఇంకా గట్టిగా జరుగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, మన గోదావరి, కృష్ణ అన్నీ అందులోకే, పైగా వానలు కూడా ఎక్కువ, దాంతో ఉప్పు తక్కువైన నీళ్లు పైన పొరలా పరుచుకుంటాయి, గాలి ఎంత కొట్టినా కిందా పైనా కలవడం కష్టం. ఇన్ని నదులు కలుస్తున్నాయి కదా ఎరువు బోలెడు వస్తుందిగా అని అడుగుతారు, నదులు తెచ్చిన నైట్రేట్ చాలావరకు తీరం దగ్గరే నాచులు తినేస్తాయి, ఆ మంచినీటి పొర మాత్రం దూరం దాకా వెళ్తుంది.

మన తీరాల్లో ఎప్పుడు, ఎక్కడ కనబడుతుంది?

పడమటి వైపు గోవా, కర్ణాటక, కేరళ, లక్షదీవుల దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా, రుతుపవనాలకి ముందు. 1995 వేసవిలో అరేబియా సముద్రం నడిమధ్యన చాలా పెద్ద తెట్టు ఓడ మీదున్న శాస్త్రవేత్తలకి ఎదురైంది. తూర్పు వైపు 2007 మార్చిలో కల్పాక్కం దగ్గర వచ్చినదాన్ని వివరంగా రికార్డు చేశారు, ఆ టైంలో నీళ్లలో అమ్మోనియా విపరీతంగా పెరిగింది. మన ఆంధ్రా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం కదా, అంటే సముద్రం సద్దుమణిగి ఇది తేలే సీజన్‌లో సగం రోజులు లోపలికి వెళ్లి చూసే కళ్లే తక్కువ. అందుకే చిన్న తెప్పల మీద వెళ్లేవాళ్లు చెప్పే మాటకి నేను చాలా విలువిస్తాను.

నీళ్లు ఎర్రగా ఉంటే అది ఇదేనా? రాత్రి నీలంగా మెరిసేది కూడా ఇదేనా?

రెండిటికీ చాలావరకు కాదనే చెప్పాలి. జులై, ఆగస్టుల్లో గోదావరి మొగ దగ్గర ఎర్రనీళ్లు వరద మట్టి. రాత్రి అలల్లో నీలంగా మెరిసేది చాలావరకు నాక్టిల్యూకా, అది బ్యాక్టీరియా కాదు, నత్రజని పట్టదు, అరేబియా సముద్రంలో ఆకుపచ్చగా పరుచుకునే తెట్టు కూడా దానిదే, చలికాలంలో వస్తుంది. ట్రైకోడెస్మియం తాజాగా ఉన్నప్పుడు గోధుమ, పసుపు కలిసిన రంగు, చచ్చిపోతున్నప్పుడు తెల్లబడుతుంది, రంగు కారి చుట్టూ నీళ్లు గులాబీగానో ఎర్రగానో అవుతాయి. చేత్తో తీస్తే పొడిపొడిగా ఉంటుంది, ఆయిల్‌లా జిడ్డు అంటదు, నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు రావు.

చేపలకి, మనుషులకి ప్రమాదమా?

సముద్రం లోపల పలచగా ఉంటే ఏ ప్రమాదమూ లేదు. తీరం దగ్గర ఒకచోట దట్టంగా చేరి కుళ్లినప్పుడే ఇబ్బంది. కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా పెరుగుతుంది, కదల్లేని జీవులు, చెరువుల్లోకి తోడుకున్న నీళ్లలో రొయ్యలు ఇబ్బంది పడొచ్చు. బ్రెజిల్‌లో తమందారే అనే ఊళ్లో దీని తెట్టు వచ్చినప్పుడు జనానికి జ్వరం, ఊపిరి ఇబ్బంది వచ్చాయని 1960లలో రాశారు. కాబట్టి కుళ్లు వాసన వస్తుంటే ఆ నీళ్లలో స్నానానికి దిగొద్దు, పిల్లల్ని దించొద్దు, రొయ్యల చెరువుకి ఆ రోజు నీళ్లు తోడొద్దు.

దీన్ని చేపలు తింటాయా? లేకపోతే ఎరువు మిగతావాటికి ఎలా చేరుతుంది?

నేరుగా తినేవి తక్కువ. మాక్రోసెటెల్లా అనే చిన్న రొయ్యలాంటి జీవి తింటుంది, పిల్లల్ని కూడా దీని దారాల మీదే పెంచుతుంది. అసలు పంపిణీ వేరే దారిలో జరుగుతుంది. పట్టిన నత్రజనిలో కొంత బతికుండగానే అమ్మోనియాగా, ఇంకా వేరే రూపాల్లో బయటికి కారుతుంది, చచ్చాక మిగతాది కరుగుతుంది. చుట్టూ ఉన్న నాచులు అది తాగి పెరుగుతాయి, వాటిని సన్నజీవులు తింటాయి, వాటిని కవళ్లు తింటాయి, అలా వలదాకా వస్తుంది.

ట్రైకోడెస్మియం ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా?

చాలా ఉన్నాయి, చాలాకాలం మనకి కనబడలేదంతే. 1998లో జెహర్ బృందం హవాయి దగ్గర సముద్రపు నీళ్లలో నైట్రోజినేజ్ జన్యువు కోసం వెతికితే ఎవరికీ తెలియని ఒక జీవి జన్యువు దొరికింది, జీవి మాత్రం దొరకలేదు. దానికి యూసిన్-ఏ అని పేరు పెట్టారు. తర్వాత దాని జన్యువులన్నీ చదివితే ఆక్సిజన్ పుట్టించే భాగమే లేదు, అంటే ఒంటరిగా బతకలేదు. 2012లో అది ఒక చిన్న నాచుతో అంటిపెట్టుకుని ఉంటుందని తేలింది. జపాన్‌లో హగినో గారు ఆ నాచుని ల్యాబ్‌లో పెంచడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు, అది పెరగబట్టే 2024లో అసలు సంగతి బయటపడింది: ఆ బ్యాక్టీరియా ఇప్పుడు విడి జీవి కాదు, నాచు కణంలో ఒక భాగం అయిపోయింది, నాచుతో పాటే విభజన అవుతుంది, దానికి కావాల్సిన ప్రోటీన్లు కొన్ని నాచే తయారుచేసి పంపుతుంది. దాన్ని నైట్రోప్లాస్ట్ అంటున్నారు, నత్రజని పట్టే కణభాగం ఒకటి ఉందని తెలియడం ఇదే మొదటిసారి. పైగా ఇది తీరాల్లోనూ ఉంది, ఆర్కిటిక్ చల్లటి నీళ్లలో కూడా దొరికింది, కాబట్టి ఈ పని వెచ్చటి సముద్రాలకే పరిమితం అనే పాత పాఠం మార్చి రాసుకోవాల్సి వచ్చింది.

మడ అడవుల్లో, ఒడ్డు బురదలో కూడా ఉంటాయా?

ఉంటాయి. కాకినాడ పక్కన కోరింగ మడ అడవి లాంటి చోట బురదలో కాలు పెడితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది చూడండి, అది సల్ఫేట్‌తో శ్వాసించే బ్యాక్టీరియాల పని, వాటిలో చాలా రకాలు నత్రజని కూడా పడతాయి. అక్కడ ఆక్సిజన్ లేదు కాబట్టి వాటికి పైన చెప్పిన తంటాలేవీ లేవు. సముద్రపు గడ్డి వేళ్ల దగ్గరా, పగడాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి.

ఇంకోటి, మత్స్యకారులకి బాగా తెలిసిన జీవి: చెక్క పడవల్ని, జెట్టీ దుంగల్ని తొలిచేసే, చూడ్డానికి పురుగులా ఉండే ఆలుచిప్ప జాతిది. చెక్కలో నత్రజని దాదాపు ఉండదు, మరి చెక్క తిని అది ఎలా పెరుగుతుంది? దాని మొప్పల్లో ఉండే బ్యాక్టీరియా చెక్కని అరిగించే ఎంజైములూ ఇస్తుంది, నత్రజనీ పట్టి ఇస్తుంది. 1983లో ఆ బ్యాక్టీరియాని వేరుచేసి పెంచి చూపించారు.

నత్రజని ఎంత కావాలంటే అంత ఉంది కదా, మరి ఇవి సముద్రమంతా ఎందుకు నిండిపోవు?

ఇనుము, భాస్వరం చాలక. నైట్రోజినేజ్‌లో ఇనుము చాలా ఉంటుంది, ఒడ్డుకి దూరంగా అది ఎడారుల నుంచి గాలిలో కొట్టుకొచ్చే దుమ్ముతో వస్తుంది, అట్లాంటిక్‌కి సహారా, అరేబియా సముద్రానికి చుట్టూ ఉన్న ఎడారులు. ఎర్ర సముద్రంలో గుండ్రటి గుంపులు దుమ్ము రేణువుల్ని పట్టుకుని మధ్యలోకి లాక్కుని ఇనుము కరిగించుకుంటాయని 2011లో చూపించారు. భాస్వరం తక్కువైనప్పుడు మిగతావి చాలావరకు ముట్టని ఫాస్ఫోనేట్లు అనే భాస్వరం రూపాల్ని కూడా ట్రైకోడెస్మియం వాడుకోగలదు.

మురుగునీళ్లు, ఎరువులు, చెరువుల నీళ్లు సముద్రంలో కలిస్తే వీటికి మంచిదేనా?

కాదు, ఇక్కడ మాత్రం కాస్త గట్టిగానే చెప్తా. "ఎలాగూ బ్యాక్టీరియా నత్రజని వేస్తోంది, మనం వేస్తే తప్పేంటి" అనే వాదన వింటుంటాం. నత్రజని కొరత ఉన్నచోటే, కొరత ఉన్నంతే బ్యాక్టీరియా వేస్తుంది, నైట్రేట్ అందగానే తగ్గిస్తుంది. మనం వదిలేది కొరత లేని తీరం దగ్గరే, ఒకేచోట, ఏడాది పొడుగునా. దాంతో ఇవి వెనక్కి తగ్గి, నైట్రేట్ తాగి ఎగబడి పెరిగే వేరే నాచులు వస్తాయి, అవి కుళ్లి అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. రెండిట్లో ఉన్న పరమాణువు ఒకటే అయినా ఫలితం ఒకటి కాదు.

మొత్తం సముద్రాల్లో ఎంత నత్రజని పడతాయి? ఎలా కొలుస్తారు?

అంచనాలు ఏడాదికి 10 నుంచి 20 కోట్ల టన్నుల మధ్య ఉన్నాయి, ప్రపంచంలో ఎరువుల ఫ్యాక్టరీలు పట్టేదానికి అటూ ఇటూగా అంతే. ఇంత తేడా ఎందుకంటే కొలవడమే కష్టం. పాత పద్ధతిలో సీసాలో ఎసిటిలీన్ గ్యాస్ వేస్తారు, కార్బైడ్‌తో మామిడికాయలు మగ్గబెట్టినప్పుడు వచ్చే గ్యాసే, నైట్రోజినేజ్ దాన్ని కూడా పట్టుకుని ఎథిలీన్‌గా మారుస్తుంది, ఎంత ఎథిలీన్ వచ్చిందో చూసి లెక్కకడతారు. ఇంకో పద్ధతిలో బరువైన నత్రజని గ్యాసు బుడగని సీసాలో పెట్టి అది కణాల్లోకి ఎంత వెళ్లిందో చూస్తారు. బుడగ వెంటనే కరగదని, అందువల్ల పాత లెక్కలు చాలావాటిల్లో తక్కువ వచ్చిందని 2010లో తేలింది, అప్పట్నుంచి గ్యాసు ముందే కరిగించిన నీళ్లు వాడుతున్నారు.

ఇంకోవైపు ఖర్చు కూడా ఉంది. అరేబియా సముద్రంలో సుమారు 150 నుంచి 1000 మీటర్ల లోతు మధ్య ఆక్సిజన్ లేని పొరలో వేరే బ్యాక్టీరియాలు నైట్రేట్‌ని మళ్లీ గ్యాసు చేసి వదిలేస్తాయి, ప్రపంచంలో ఇది పెద్దఎత్తున జరిగే మూడు చోట్లలో ఇదొకటి. బంగాళాఖాతంలోనూ అలాంటి పొర ఉంది కానీ అందులో అతి స్వల్పంగా ఆక్సిజన్ మిగిలి ఉండటం వల్ల ఆ నష్టం అంతగా జరగట్లేదని 2016లో రాశారు. ఆ కాస్త ఆక్సిజన్ కూడా పోతే ఏమవుతుందన్నది మన తీరం వాళ్లందరూ పట్టించుకోవాల్సిన విషయం, తీరంలో వదిలే మురుగు గురించి నేను అంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

సముద్రం వేడెక్కుతోంది కదా, ఇవి పెరుగుతాయా?

వెచ్చటి నీళ్లు విస్తరిస్తే చోటు పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సంగతి అంత తేలిక కాదు. అది పెరిగితే ట్రైకోడెస్మియం ఎక్కువ నత్రజని పడుతుందని 2007లో ల్యాబ్ ప్రయోగాల్లో చూశారు, నీళ్లు ఆమ్లంగా మారి ఇనుము కూడా తక్కువైతే దెబ్బతింటుందని 2017లో ఇంకో బృందం చూపించింది. రెండూ జాగ్రత్తగా చేసిన పనులే. అసలు సముద్రంలో ఇనుము ఎప్పుడూ కొరతే కాబట్టి నేను రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాను.

తెట్టు కనబడితే ఏం చెయ్యాలి?

ఫోటో తియ్యండి, తేదీ, టైము, ఫోన్‌లో లొకేషన్, గాలి ఉందా లేదా రాసుకోండి. గాజు సీసాలో కొంచెం పట్టుకుంటే ఇంకా మంచిది, ఎండలో పెట్టకండి, రోజు దాటితే కుళ్లిపోతుంది, మూత గట్టిగా బిగించకండి. దగ్గర్లో కాలేజీలో జువాలజీనో బాటనీనో ఉంటే పదిరెట్ల లెన్సుతో కూడా దారాల కట్టలు స్పష్టంగా కనబడతాయి. విశాఖలో ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం ఉంది, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాల ద్వారా ఇలాంటి తెట్ల మీద సమాచారం ఇస్తుంది. మబ్బులుంటే ఉపగ్రహానికి కనబడదు, ఒడ్డుకి మరీ దగ్గరగా ఉన్నా సరిగ్గా తెలియదు, కాబట్టి తేదీ, చోటు ఉన్న మీ ఫోటో వాళ్లకి నిజంగా పనికొస్తుంది.